బంగారు గీత కింద పాట

సిడ్సెల్ కోడ్ రాసేటప్పుడు పాడుతుంది. గొంతెత్తి కాదు, పళ్ళ మధ్య నుంచి, కెటిల్‌లో నీళ్ళు మరగబోయే ముందు వచ్చే చప్పుడులా. మా ఆఫీసుకి కొత్తగా వచ్చినవాళ్ళు రెండు రోజులు ఓర్చుకుంటారు. మూడో రోజు చెవుల్లో ఏదో ఒకటి పెట్టుకుంటారు. ఆమె పాడేది సరదాకి కాదని వాళ్ళకి ఎవరూ చెప్పరు. పాట కాగితం మీద ఒక పాదం ఎక్కడ ముగియాలో ఆమెకి పాడితేనే తెలుస్తుంది.

మా కంపెనీ చిన్నది. మోర్స్ దీవిలో, రేవుకి దగ్గరగా, ఒకప్పటి పాలకేంద్రం భవనంలో ఉంటుంది. ఎండ కాస్తే ఇప్పటికీ గోడల నుంచి పుల్లటి వాసన వస్తుంది. పుట్టినరోజులకీ పెళ్ళిళ్ళకీ పాటలు కట్టేవాళ్ళు మా వెబ్ పేజీలోకి వచ్చి పాట రాసుకుంటారు, అక్షరాలు ఎంచుకుంటారు, రంగులు వేసుకుంటారు. మేం అచ్చు వేసి పంపిస్తాం. ఇక్కడ ఎవరికి యాభై నిండినా, ఎవరి బిడ్డకి చర్చిలో దీక్ష జరిగినా, బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళందరి చేతికీ ఒక కాగితం రావాలి. తెలిసిన బాణీలో కొత్త పాట ఉండాలి. అందులో ఆ మనిషి పరువు కొద్దిగా పోవాలి. అందుకే మాకు పనికి కరువు లేదు.

నేను అక్కడ ఉత్తరాలకి జవాబులు రాస్తాను. బడి సగంలో మానేసినదాన్ని. నలుగురి ముందు నోరు తెరవడం కంటే కనిపించని మనుషులకి రాయడం నాకు తేలిక. సిడ్సెల్ ఇంట్లో పై గది అద్దెకి తీసుకున్నాను. ఆమె నాకంటే రెట్టింపు వయసుది. ఆమె గురించి నాకు తెలిసినదంతా ఎదురు బల్ల నుంచీ, పై గది మెట్ల మీద నుంచీ చూసినదే.

ఆమె మొదట బోర్డులు రాసేది. పదహారేళ్ళప్పుడు పట్నంలో ఒక పెయింటరు దగ్గర చేరింది. రొట్టెల కొట్టు మీద పేరూ, చేపల పడవల ముక్కుల మీద పేర్లూ, దంతవైద్యుడి గాజు తలుపు మీద వేళలూ ఆమె చేతివే. కొన్ని పడవల మీద ఇప్పటికీ ఉన్నాయి, వెలిసిపోయి. ఆ తర్వాత యంత్రంతో కోసి అంటించే ప్లాస్టిక్ అక్షరాలు వచ్చాయి. పెయింటరు కొట్టు మూసేశాడు. ఆమె కొన్నేళ్ళు ఆల్చిప్పల కర్మాగారంలో బెల్టు పక్కన నిలబడి పగిలిన చిప్పలు ఏరింది. ఒక పెళ్ళి చేసుకుంది, అది నిలవలేదు. దాని గురించి ఒకే ఒక్కసారి మాట్లాడింది. "మంచివాడే, కానీ పక్క గదిలో ఎవరూ లేనట్టుండేది" అంది. సాయంత్రం తరగతుల్లో కోడ్ నేర్చుకుంది. మోగెన్స్ ఈ కంపెనీ పెట్టినప్పుడు చేరిన మొదటి మనిషి ఆమే.

వెబ్ పేజీలో మామూలుగా అక్షరాలు తమంతట తామే సర్దుకుంటాయి. చోటు చాలకపోతే కింది వరుసలోకి దిగుతాయి. మేం పాట కాగితం గీయడానికి వాడే కాన్వాస్ అలా కాదు. అది ఉత్త బోర్డు. ఏ ఫాంటు, ఎంత ఎత్తు, ఏ రంగు, ఎడమ నుంచి ఎంత, పై నుంచి ఎంత అన్నీ మనమే చెప్పాలి. ఒకసారి గీశాక అవి అక్షరాలు కావు, రంగు మరకలు. తప్పు దిద్దాలంటే తుడిచి మళ్ళీ మొత్తం గీయాలి. ఒక రోజు నేను అడిగితే సిడ్సెల్ ఇలా చెప్పింది.

"పడవ మీద రాసినట్టే. పడవకి నువ్వేం రాస్తున్నావో తెలీదు. తెలిసినట్టు నటించదు కూడా. అందుకే నాకది నచ్చింది."

కాన్వాస్‌కి వరుస విరవడం రాదు కాబట్టి ప్రతి మాట వెడల్పూ కొలిచి, ఎక్కడ ఆపాలో చెప్పే భాగం ఆమే రాసింది. అందులో ఒక నియమం పెట్టింది. పాటలో పాదం విరగకూడదు. పాదం పొడుగైతే పక్కన ఎర్ర గుర్తు వస్తుంది. రాసినవాళ్ళు మాటలు తగ్గించుకోవాలి, లేదా అక్షరం చిన్నది చేసుకోవాలి. మోగెన్స్‌కి ఇది నచ్చేది కాదు.

"జనాలు ఎర్ర గుర్తు చూసి పారిపోతున్నారు సిడ్సెల్. కిందికి దింపెయ్, పోయేదేముంది?"

"ఊపిరి పోతుంది."

"ఎవరిదీ?"

"బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరిదీ. వరుస అయిపోయిన చోట మనిషి ఊపిరి తీసుకుంటాడు. పాదం మధ్యలో వరుస అయిపోతే సగం మంది ఆగుతారు, సగం మంది వెళ్ళిపోతారు. అత్తగారి అరవయ్యో పుట్టినరోజు పాడైపోతుంది."

"మా అత్తగారికి ఆ భాగ్యం లేకపోయింది" అని మోగెన్స్ తన గదిలోకి వెళ్ళిపోయేవాడు.

ఈ ఊపిరి సంగతి ఆమెకి తండ్రి దగ్గర నుంచి వచ్చింది. లౌస్ట్ కూతురి ఇంట్లోనే ఉంటాడు, మా ఊళ్ళో పాట ఎత్తే మనిషి. ఆవుల్ని అమ్మేసి, పొలం కౌలుకిచ్చి చాలా కాలమైంది కానీ పాట ఎత్తడం మాత్రం మానలేదు. ఊరి సమావేశ మందిరంలో ఏ విందు జరిగినా లేచి నిలబడతాడు, కాగితం చేయి చాచినంత దూరంలో పట్టుకుంటాడు, గొంతు సవరించుకుంటాడు. అప్పుడే అచ్చు వాసన పోని పాట, అంతకుముందు కంటితో చూడనిది, మొదటి మాట నుంచి తడబడకుండా ఎత్తుతాడు. మిగతావాళ్ళు అతని వెనక నడుస్తారు. బాణీ తెలియనివాళ్ళు కూడా అతని భుజాలు చూసి పాడేస్తారు.

ఆ శీతాకాలం నుంచి లౌస్ట్ కళ్ళు పోతున్నాయి. మొత్తం కాదు. చూపులో నడిమి భాగం మాత్రం. అంచులు మిగులుతాయనీ, మధ్యది తిరిగి రాదనీ ఆసుపత్రిలో చెప్పారు. ఈ సంగతి సిడ్సెల్‌కీ నాకూ తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు. కారు అమ్మేసి, "పెట్రోలు ధర చూశావా?" అన్నాడు. రోడ్డు మీద ఎవరు ఎదురైనా ముందుగా, "ఏం, బాగున్నావా నువ్వు?" అంటాడు. ఎదుటివాడు నోరు తెరిచాక గొంతు పట్టి పేరు తగిలిస్తాడు.

ఏప్రిల్ చివర్లో పక్క పొలంవాళ్ళు టాగె, కిర్‌స్టీనలకి బంగారు పెళ్ళి దగ్గర పడింది. జూన్‌లో, పెళ్ళయి యాభై ఏళ్ళు నిండే ఉదయం, వాళ్ళు నిద్రలో ఉండగానే ఇరుగుపొరుగు వెళ్ళి గుమ్మానికి పచ్చటి కొమ్మల తోరణం నిలబెట్టి, పాటతో లేపాలి. తోరణం ఎవరు కడతారు, రొట్టెలు ఎవరు తెస్తారు అని మాట్లాడుకోవడానికి వీధివాళ్ళు మా ఇంట్లోనే కూర్చున్నారు. కిర్‌స్టీన చెల్లెలు రాగ్న్‌హిల్డ్ పాట రాస్తానంది. ఊళ్ళో అకార్డియన్ వాయించే వెర్నర్ కాఫీ కలుపుతూ అన్నాడు.

"ఒరే లౌస్ట్, ఈసారి నువ్వు కూర్చో. పాట నేను ఎత్తుతాను. వాయిస్తూ పాడతాను."

"నువ్వు పాడితే వాళ్ళు లేవరు, ఇంకా గాఢంగా పడుకుంటారు" అన్నాడు లౌస్ట్.

అందరూ నవ్వారు. వెర్నర్ నవ్వలేదు.

"వేళాకోళం కాదు. ఈస్టర్‌కి నువ్వు మందిరానికి రాలేదు. దానికి ముందు ఓలె పుట్టినరోజుకీ రాలేదు. జలుబన్నావు. ఇంత జలుబు నేనెక్కడా చూళ్ళేదు."

"టాగె పెళ్ళినాడు పాట ఎత్తింది నేను. బంగారు పెళ్ళినాడు కూడా నేనే ఎత్తుతాను. ఆ తర్వాత కావాలంటే నా ముక్కు మీద కూర్చుని వాయించుకో."

"సరే. కానీ మధ్యలో ఆగావంటే, ఆ పైన ఇంకెప్పుడూ నేనే. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకున్నాను. ఆ చక్కెర ఇలా తోయ్."

చక్కెర గిన్నె అతని మోచేతి పక్కనే ఉంది. సిడ్సెల్ లేచి దాన్ని అతని చేతికి తగిలేలా జరిపింది. వెర్నర్ అప్పటికి రొట్టె వైపు తిరిగాడు.

ఆ మర్నాటి నుంచి సిడ్సెల్ ఆఫీసు నుంచి వచ్చి వంటింటి బల్ల మీద కంప్యూటరు పెట్టి కూర్చునేది. తండ్రికి విడిగా పెద్ద కాగితం చేసిస్తానంది. లౌస్ట్ ఒప్పుకోలేదు.

"అందరి చేతిలో ఏముంటుందో నా చేతిలో కూడా అదే ఉండాలి. నా ఒక్కడికే గోడ పత్రిక ఇస్తే వెర్నర్ గాడు దాన్ని ఫ్రేము కట్టించి పెట్టుకుంటాడు."

కాబట్టి అందరి కాగితమే మారాలి, ఎందుకు మారిందో ఎవరికీ తెలియకూడదు. సిడ్సెల్ అక్షరం ఎత్తు పెంచింది. కాగితం రెండింతలు పొడుగైంది, మడత పెట్టి పుస్తకంలా చేయవచ్చనుకుంది. తెలుపు మీద నలుపు తీసేసి పాలమీగడ రంగు మీద నలుపు వేసింది. తర్వాత నల్లటి నేల మీద లేత పసుపు అక్షరాలు వేసి చూసింది. అది లౌస్ట్‌కి బాగానే ఉంది కానీ చావు కబురులా ఉందని ఆమే తీసేసింది. అక్షరాల వెనక నీడ వేస్తే, ఒక్కో అక్షరం రెండుగా కనిపిస్తోందన్నాడు. నీడ తీసేసి గీతలు లావు చేసింది, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎడం పెంచింది. మార్చిన ప్రతిసారీ కోడ్‌లో ఒక అంకె మారేది, కాన్వాస్ చెరిగి మళ్ళీ నిండేది. అచ్చు తీసి తండ్రి చేతికిచ్చేది. పరీక్షకి ఆమే ఏవో పాటలు కట్టేది.

లౌస్ట్ పాడేవాడు. కొంచెం నెమ్మదిగా అయినా పాడేవాడు. రోజురోజుకీ బాగుపడుతోందని సిడ్సెల్ సంతోషించింది. లావు అక్షరం, మీగడ రంగు కుదిరాయనుకుంది.

నేను మూలలో బంగాళాదుంపలు ఒలుస్తూ ఉండేదాన్ని. లౌస్ట్ పాదం మొదట్లో కాగితం వైపు చూసేవాడు. తలని కొంచెం అటూ ఇటూ తిప్పి రెండు మూడు మాటలు పట్టుకునేవాడు. పాదం చివరికి వచ్చేసరికి అతని మొహం కాఫీ కుండ వైపు ఉండేది. ఇక్కడి పాటల్లో మొదటి పాదం వింటే రెండో పాదం చివర ఏ ప్రాస వస్తుందో ఎవరైనా చెప్పేస్తారు. జీవితమంతా అవే పాడినవాడికి చెప్పడం ఇంకా సులువు.

ఇది నోటితో చెప్పడం నాకు చేతకాలేదు. మర్నాడు ఆఫీసులో సిడ్సెల్ కట్టిన పరీక్ష పాట తెరిచి, ఒక్క మాట మార్చి, ఆమెకి చూపించాను. ఆమె చదివి నా వైపు చూసింది. ఆ సాయంత్రం అదే అచ్చు తీసి తండ్రికిచ్చింది. అందులో ఇలా ఉంది.

మొదటి జీతంతో సైకిలు కొన్నాడు,
మొదటి మలుపులోనే గుంటలో బంగాళాదుంప.

లౌస్ట్ కాగితం చాచి పట్టుకుని, గొంతు సవరించుకుని, హాయిగా పాడాడు. "మొదటి మలుపులోనే గుంటలో ఉన్నాడూ..."

సిడ్సెల్ స్టవ్ కట్టేసింది.

"నాన్నా, అక్కడ ఉన్నాడు అని లేదు."

"మరేముంది?"

"బంగాళాదుంప."

లౌస్ట్ కాగితం బల్ల మీద పెట్టాడు. తర్వాత నా వైపు తిరిగాడు, అంటే నా వైపు అనుకున్న వైపు. "ఇది నీ పనే కదూ అమ్మాయీ? మూల నుంచి గీరే చప్పుడు ఆగినప్పుడే అనుకున్నాను."

"నాన్నా, నీకసలు ఏం కనిపిస్తోంది?" అంది సిడ్సెల్. గొంతులో కోపం లేదు. కొలత అడిగినట్టు అడిగింది.

"నీ చెవులు కనిపిస్తున్నాయి. రెండూ శుభ్రంగా ఉన్నాయి. మొహం లేదు, అక్కడ బూడిద రంగు ముద్ద ఉంది. కిటికీ చూస్తే కిటికీ లేదు. కర్టెను కడ్డీ వైపు చూశాననుకో, దాని కింద నీ పూలకుండీలు కనిపిస్తాయి. ఎర్రవి. ఒకటి వాడింది, నీళ్ళు పొయ్యి."

నేను చూశాను. ఒకటి వాడే ఉంది.

సిడ్సెల్ బల్ల దగ్గర కూర్చుంది. చాలాసేపు పాడలేదు. తర్వాత పళ్ళ మధ్య నుంచి ఆ చప్పుడు మొదలైంది. ప్రతి వరుస గీసే ముందు, దానికి కాస్త పైన, వరుస ఎంత వెడల్పుంటే అంత వెడల్పు లావుపాటి పట్టీ ఒకటి గీయమని కోడ్‌లో చేర్చింది. బంగారు పెళ్ళి కాబట్టి దానికి బంగారు రంగు వేసింది. అచ్చు తీసి తండ్రి చేతికిచ్చింది.

"అక్షరాలు చూడకు. గీత చూడు. గీతనే చూస్తూ పక్కకి నడు."

లౌస్ట్ ముక్కు కాగితం అంచుకి దగ్గరగా తెచ్చాడు, మళ్ళీ దూరం జరిపాడు. తల కొంచెం పైకెత్తాడు.

"కంచె కట్టావేంటి పాటకి?"

"కంచె వైపే చూడు."

"చూస్తున్నా..." అని ఆగాడు. "ఓహో. కంచె వైపు చూస్తే ఆవులు కనిపిస్తున్నాయి."

వెంటనే పాడలేకపోయాడు. అక్షరాలు చూడకుండా ఉండటం అతనికి కష్టమైంది. మనిషి కన్ను చదవాలనుకున్న దాని మీదికే పోతుంది, పోగానే అది మాయమైపోతుంది. చూపు కిందికి జారిన ప్రతిసారీ తిట్టుకునేవాడు. మే నెలంతా వంటింట్లో అదే పని. సిడ్సెల్ గీతని మందం చేసింది, సన్నం చేసింది, అక్షరానికి దగ్గర చేసింది, దూరం చేసింది. ప్రాస కుదిరేలా ఇక కట్టలేదు. వాషింగ్ మెషీను వాడే విధానం పాదాలుగా విరిచి ఇచ్చింది, పడవల వేళలు ఇచ్చింది. లౌస్ట్ వాటిని చర్చి బాణీల్లో పాడేవాడు. "ఉన్ని బట్టలు విడిగా ఉతకవలెనూ" అని ఆ గొంతులో వింటే నిజంగానే ఏదో ఆజ్ఞలా ఉండేది. జూన్ వచ్చేసరికి ఊహించకుండా చదివే పాడుతున్నాడనిపించింది. కానీ సిడ్సెల్‌కి పూర్తి నమ్మకం కుదరలేదు. ఒకసారి మోసపోయిన మనిషి కదా.

ఒక చిక్కు మిగిలింది. అంత లావు అక్షరాలతో చాలా పాదాలు కాగితం వెడల్పులో పట్టవు. పరీక్ష పాటల్లో ఎర్ర గుర్తులు వరుసగా వచ్చాయి. రాగ్న్‌హిల్డ్‌ని మాటలు తగ్గించమంటే ఎందుకని అడుగుతుంది. అందుకని సిడ్సెల్ ఈ ఒక్క కాగితం కోసం తన నియమం సడలించింది. పొడుగైన పాదాన్ని కిందికి దింపవచ్చని రాసింది. రాగ్న్‌హిల్డ్ పంపిన పాటలో రెండు పాదాలు మాత్రమే అలా దిగాయి. వాటిని తానే మాటలు అటూ ఇటూ మార్చి ఒకే వరుసలో పట్టేలా చేసింది. శుక్రవారం పొద్దున ఆఖరిసారి చూసింది. అన్ని పాదాలూ ఒక్కో గీత కింద ఒక్కొక్కటిగా సరిగ్గా ఉన్నాయి. మోగెన్స్ వెనక నుంచి తొంగి చూశాడు.

"ఇదేంటి, పాట కాగితమా, నిచ్చెనా?"

"బంగారు పెళ్ళికి కొత్త నమూనా."

"బాగానే ఉందే" అన్నాడు, తనకే ఆశ్చర్యమైనట్టు.

ఆ మధ్యాహ్నం మేమిద్దరం సెలవు పెట్టి వెర్నర్ ట్రాక్టరు కొట్టంలో ఉన్నాం. ఆడవాళ్ళు కాగితం గులాబీలు చేస్తున్నారు, మగవాళ్ళు స్ప్రూస్ చెట్టు కొమ్మలు తీగతో చట్రానికి కడుతున్నారు. వెర్నర్ నిచ్చెన మీద నుంచి రాగ్న్‌హిల్డ్‌తో వాదిస్తున్నాడు.

"పందుల పద్యంలో నా పేరు ఎందుకు లేదు? టాగె పందులు పారిపోయిన రోజు మొదట పరుగెత్తింది నేను. బురదలో పడ్డదీ నేనే."

"నీ పేరు పెడితే పాదం నిండిపోతుంది వెర్నర్."

"నిండనీ. నీ సొమ్మేం పోయింది?"

రాగ్న్‌హిల్డ్ నిట్టూర్చి ఫోను తీసుకుని బయటికి వెళ్ళింది. సిడ్సెల్ అప్పుడు తోరణం అవతలి కాలు పట్టుకుని ఉంది. మేం తిరిగి వెళ్ళకముందే మోగెన్స్ అచ్చు వేసి, మడిచి, పెట్టెలో పెట్టి మా గుమ్మంలో దింపి వెళ్ళాడు. పెట్టెకి టేపు వేసి ఉంది. ఎవరూ తెరవలేదు.

శనివారం తెల్లవారి అందరం టాగె వాకిట్లో నిలబడ్డాం. తోరణం గుమ్మం మీద ఉంది, తెల్ల గులాబీలతో, నడుమ బంగారు అంకెతో. జెండా ఎత్తారు. గడ్డి తడిగా ఉంది, అందరి బూట్లూ తడిశాయి. పెట్టె తెరిచి కాగితాలు పంచారు.

"అబ్బో, ఎంత పెద్దక్షరాలో!" అంది ఒకావిడ.

"మనకి వయసైపోయిందని గుర్తు చేస్తున్నారు" అన్నాడు ఇంకొకాయన.

లౌస్ట్ ముందుకొచ్చి తోరణానికి ఎదురుగా నిలబడ్డాడు. వెర్నర్ పక్కన అకార్డియన్ తగిలించుకున్నాడు. "ఆగితే నాదే" అన్నాడు మెల్లిగా. "వాయించరా ముందు" అన్నాడు లౌస్ట్.

సిడ్సెల్ నా పక్కనే ఉంది. కాగితం తెరవలేదు. తండ్రి మెడ వెనక భాగం చూస్తోంది. నాకు అతని మొహం పక్క నుంచి కనిపిస్తోంది.

మొదటి పద్యం నాట్యం గురించి.

నాట్యంలో టాగె ఆమె కాలు తొక్కాడు,
అప్పట్నుంచి ఆ ఇంట్లోనే చిక్కాడు.

లౌస్ట్ గొంతు వాకిలంతా నిండింది. పైన కిటికీ తెరుచుకుంది. రాత్రి దుస్తుల్లో కిర్‌స్టీన, ఆమె వెనక టాగె కనిపించారు. టాగె జుట్టు ఒక పక్కకి నిలబడి ఉంది. జనం నవ్వుతూ పాడారు. రెండో పద్యం కూడా తడబాటు లేకుండా పోయింది. సిడ్సెల్ మొహంలో మార్పు లేదు. తొక్కాడు అన్నాక చిక్కాడు ఎవరికైనా తడుతుంది. ఆమె ఏమనుకుంటోందో నాకు తెలుసు.

మూడోది పందుల పద్యం.

లౌస్ట్ ఎత్తాడు. "పందులు పారిపోతే వెర్నర్‌తో సహా ఊరంతా" అని, అక్కడ ఆగి, నిండుగా ఊపిరి తీసుకున్నాడు.

బాణీ అక్కడ ఆగదు. అకార్డియన్ ముందుకి వెళ్ళిపోయింది. జనం ఒక క్షణం నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. లౌస్ట్ మాత్రం కదల్లేదు. తర్వాతి పాదం బాణీ ఎత్తుకుని, దాని మీద గట్టిగా "వెతికాం" అన్నాడు. ఒక్క మాట. దాన్ని పాదమంత పొడుగు సాగదీశాడు. ఎప్పుడూ అతని వెనక నడిచే మనుషులు కాబట్టి జనం కూడా "వెతికాఆఆం" అని సాగదీశారు. వెర్నర్ తిట్టుకుంటూ వేళ్ళు వెనక్కి తెచ్చి అతన్ని కలిశాడు.

అక్కడి నుంచి ప్రతి పాదం ఒక మెట్టు పక్కకి జరిగింది. పద్యం చివరికి వచ్చేసరికి బాణీ అయిపోయింది, కాగితం మీద ఇంకో పాదం మిగిలింది. లౌస్ట్ ఆలోచించలేదు. బాణీ చివరి తునక మళ్ళీ ఎత్తుకుని, మిగిలిన పాదం దాని మీద దించేశాడు. నాలుగో పద్యం ఎప్పటిలా సవ్యంగా నడిచింది.

పాట అయిపోయింది. చప్పట్లు కొట్టారు. కిటికీలోంచి టాగె అరిచాడు. "పందులు పారిపోయినప్పుడు కూడా ఇంత గందరగోళం లేదు!"

వెర్నర్ అకార్డియన్ బెల్టు విప్పుతూ అన్నాడు. "బాణీ మర్చిపోయావు కదరా ముసలోడా. ఒప్పుకో."

"ఆగానా?"

"ఆగలేదు. కానీ..."

"కాగితంలో ఎలా ఉందో అలా పాడాను. వరుస అక్కడ అయిపోయింది, ఊపిరి తీసుకున్నాను. కావాలంటే చూసుకో."

వెర్నర్ కాగితం తెరిచి చూశాడు. తన పేరున్న పాదం నిజంగానే విరిగింది. 'వెతికాం' అన్న మాట ఒక్కటే కింది వరుసలో, దాని మీద సొంతంగా ఒక పొట్టి బంగారు గీతతో, కొత్త పాదంలా నిలబడి ఉంది. నిన్న ఫోనులోనే పాట తెరిచి ఆ పేరు ఇరికించిన రాగ్న్‌హిల్డ్ అటు తిరిగిపోయింది.

సిడ్సెల్ అప్పుడు తన కాగితం విప్పింది. ఆ చోటు చూసింది. ఆమె భుజాలు కదలడం మొదలుపెట్టాయి. నేను మొదట ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. చప్పుడు రాకుండా, నోటికి కాగితం అడ్డం పెట్టుకుని.

"చదివాడు" అంది నాతో. "ఊహించి పాడేవాడెవడూ అక్కడ ఆగడు. బాణీ వెంట కొట్టుకుపోతాడు. చదివాడు."

టాగె తలుపు తీశాడు. అందరూ తోరణం కింద నుంచి లోపలికి వెళ్ళారు, రొట్టెలూ కాఫీ వాసనా వస్తున్నాయి. చిన్న గ్లాసుల్లో చేదు సారా పోశారు. లౌస్ట్ గుమ్మంలో ఒక మనిషికి ఎదురుపడి, "ఏం, బాగున్నావా నువ్వు?" అన్నాడు. ఆ మనిషి వెర్నర్.

"పంటల పండక్కి ఏం పాటో ముందే చెప్తే అకార్డియన్ మెట్లు సరిచూసుకుంటాను" అన్నాడు వెర్నర్, మొహం ముడుచుకునే.

"ముందే తెలిస్తే పాట ఎత్తడమెందుకు? గ్లాసివ్వు."

సోమవారం సిడ్సెల్ ఆ తప్పు దిద్దింది. విరిగిన పాదంలో మిగిలిన ముక్కకి గీత గీయవద్దని కోడ్‌లో ఒక చిన్న షరతు చేర్చింది, ఎర్ర గుర్తుని ఆ నమూనాకి కూడా పెట్టింది. ఇంటికెళ్ళి చెబితే లౌస్ట్‌కి నచ్చలేదట. "అక్కడ ఊపిరి తీసుకోవడం హాయిగానే ఉంది కదా" అన్నాడట.

మోగెన్స్ ఆ గీతని నమూనాల్లో చేర్చాడు. వెండి రంగులో ఒకటి, ఆకుపచ్చలో ఒకటి. జనం బాగానే ఎంచుకుంటున్నారు. పోయిన వారం దక్షిణాన ఎక్కడి నుంచో ఒకావిడ రాసింది, పాదాల మీద ఆ గీతలు దేనికో అర్థం కావడం లేదు, చదవడానికి అడ్డంగా ఉన్నాయి, తీసేయడం ఎలా అని. ఎడమ పక్క మూడో గుర్తు నొక్కితే పోతాయని జవాబు రాశాను.